నోట్లో మిఠాయి పెట్టుకుని ఇంగ్లీషు మాట్లాడండి

తమిళనాడులో ఒట్టపిడారం చుట్టుపక్కల తెలుగిళ్ల పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్లో ఇంగ్లీషు. ఇంగ్లీషు అచ్చులు రావాలంటే నోరు బాగా తెరవమని వాళ్లకి అందరూ చెబుతారు. నేను తెరవొద్దంటాను.

కోవిల్‌పట్టి కడలమిఠాయి, అదే 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన పల్లీపట్టి, ఒక ముక్క వెనక పళ్ల మధ్య పెట్టుకోండి. కొరక్కండి. (మరీ చిన్నపిల్లలకి వద్దు, గొంతుకి అడ్డం పడుతుంది.) ఇప్పుడు బీట్, బెట్, బ్యాట్ అనండి. దవడ కదలదు, అయినా మూడూ వేరుగానే వినిపిస్తాయి. 1979లో ధ్వనిశాస్త్రవేత్త లిండ్‌బ్లోమ్, ఆయన తోటివాళ్లు ఇలాగే మనుషుల పళ్ల మధ్య దిమ్మె పెట్టి అచ్చులు పలికించారు. దవడ చేయలేని పనిని నాలుక చేసేసింది. నాలుకలో ఏ భాగం లేచింది, ఎంత ఎత్తు లేచింది, పెదవులు గుండ్రంగా ఉన్నాయా లేదా? ఏ అచ్చునైనా ముందుగా ఈ మూడిటితోనే వర్ణిస్తారు. నోరు ఎంత తెరిచారని ఎవరూ విడిగా అడగరు.

దీర్ఘాలు తీయడం కూడా మానేయండి. షిప్‌ని సాగదీస్తే షీప్ అవ్వదు. షిప్‌లో నాలుక కాస్త కిందికి, నోటి మధ్యకి జారి వదులుగా ఉంటుంది. బీట్‌లో అచ్చునీ బిడ్‌లో అచ్చునీ కొలిచి చూస్తే నిడివి ఇంచుమించు ఒకటే, ఎందుకంటే చివరి ట్ ముందరి అచ్చుని కుదించేస్తుంది.

బ్యాంకులో అచ్చు కోసం కోచింగుకి డబ్బు కట్టకండి, మేకని పిలవండి. ‘మేలు’లో ఏ వేరు, ‘మేక’లో ఏ వేరు. చాలామంది తెలుగువాళ్ల నోట రెండోది బాగా కిందికి దిగుతుంది, బ్యాంకు అచ్చుకి దగ్గరికొస్తుంది. ఇక్కడి పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి రాదు. అది నాకు బాధే గానీ, ఈ ఒక్కచోట మాత్రం మేలు చేస్తుంది. యావత్తు చూసి ‘బ్‌-యాంకు’ అనే అలవాటు వాళ్లకి ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం, అక్షరాలు మింగండి. స్పష్టంగా పలకమనే మేష్టార్ల మాట ఇక్కడ వినొద్దు. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే అచ్చు నోటి నడిమధ్యన, ఏ ఊనికా లేకుండా పుడుతుంది. తమిళ పాఠంలో కుఱ్ఱియలుకరం, అంటే కుదించి పలికే ఉకారం, చదివిన పిల్లకి ఈ పని సగం వచ్చినట్టే. ‘నాడు’ చివర ఉకారాన్ని పెదవులు చుట్టకుండా వదిలేయడం తనకి రోజూ అలవాటు. అదే వదులుతో ‘బనానా’ అనమనండి. మొదటి అచ్చూ చివరి అచ్చూ మింగేయాలి, నడిమిది మాత్రం నిండుగా పలకాలి.