ఆరు సోర్సులు, ఒకటే జిరాక్సు

సివిల్స్ కోసం ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో దిగిన తెలుగు పిల్లల్ని ‘ఏం చదువుతున్నావు బాబూ’ అని అడక్కూడదు, నొచ్చుకుంటారు. ‘సోర్సులేంటి’ అనాలి. అప్పుడు చూడండి ఉత్సాహం! ఒక్క పాలిటీకే లక్ష్మీకాంత్ పుస్తకం, దాని మీద కోచింగ్ సార్ చెప్పిన నోట్సు, ఆ సార్ దగ్గర చదివి ర్యాంకు కొట్టినామె చేతిరాత నోట్సు, అది చూసి ఇంకొకాయన గీసిన మైండ్ మ్యాపు, అన్నిటినీ పిండిన టెలిగ్రామ్ పీడీఎఫ్, ఆ పీడీఎఫ్‌ని గంటలో వల్లించే యూట్యూబ్ మారథాను. ఆరు సోర్సులు! ఒకే పప్పుకి ఆరుసార్లు తాలింపు పెట్టి విందు భోజనం అంటున్నారని ఎవరైనా గొణిగితే, వాడికి స్ట్రాటజీ తెలియదన్నమాట.

బడా బజార్ మార్గ్ జిరాక్సు షాపుల్లో ర్యాంకర్ల నోట్సు స్పైరల్ బైండింగ్‌తో దొరుకుతుంది. అలాంటి ఒక కట్టలో ఆర్డినెన్సుల పేజీ పక్కన, గుండ్రంగా చుట్టిన ప్రశ్నార్థకం, కింద ‘సార్‌ని అడగాలి’ అని ఉంది. రాసుకున్నామె అడిగే ఉంటుంది, ఏదో ఒక కేడర్‌లో ఉద్యోగమూ చేసుకుంటూ ఉంటుంది. ఆ సందేహం మాత్రం జిరాక్సుకి జిరాక్సై, అక్షరాలు మసకబారినా ఇంకా తిరుగుతూనే ఉంది. కొన్నవాళ్లు దానికి కూడా పసుపు హైలైటర్ పూస్తున్నారు. అడిగినవాళ్లు లేరు.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఊరికే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందుకే కాబోలు వాటిమీద నమ్మకం లేదు. ‘ఎన్‌సీఈఆర్‌టీ సారం’ డబ్బు పెట్టి కొంటారు.

ఇక్కడ లైబ్రరీ అంటే ఒక కుర్చీ, అడ్డంగా చెక్క, ఏసీ, వైఫై, ఛార్జింగ్ ప్లగ్గు. నెలకింత అద్దె. పుస్తకాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. (దీనిమీద పూర్తిగా నవ్వలేం. 2024 జులై 27న ఇదే పేటలో ఒక బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాననీళ్లు పోటెత్తి ముగ్గురు పిల్లలు చనిపోయారు. అక్కడ లైబ్రరీకి అనుమతే లేదు.) పుస్తకాలున్న లైబ్రరీ కావాలంటే పాత ఢిల్లీ స్టేషన్ ఎదురుగా ఉంది: యునెస్కో తోడ్పాటుతో 1951లో పెట్టిన ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. కాని అక్కడ కుర్చీకి అద్దె లేదు కనక సీరియస్‌నెస్ రాదట.

టైము లేదంటారు. నిజమే, 1750 మార్కుల మెయిన్స్ ఉంది, ఇంటి దగ్గర అప్పుంది. కాని ఒకే విషయాన్ని ఆరు రూపాల్లో తిరగేయడానికి మాత్రం ఏళ్లున్నాయి. ప్రిలిమ్స్‌లో తప్పు జవాబుకి మూడో వంతు కోత పెట్టినవాళ్లు, 250 మార్కుల వ్యాసంలో పక్కవాడి వాక్యమే రాసినందుకూ ఒక కోత పెట్టి ఉంటే జిరాక్సు షాపులు ఎప్పుడో మూతపడేవి.

పింక్ లైన్ మెట్రోలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్ ఉంది. మన రాజమండ్రి ఆడపడుచు. నోట్సులో ఆమె వాటా ఒక్క లైను: ‘రాజ్యాంగ సభలోని 15 మంది మహిళల్లో ఒకరు’. ఆ సభ చర్చలు లోక్‌సభ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. అందులో ‘దేశ్‌ముఖ్’ అని వెతికితే విదర్భ పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ గారు తగులుతారు. ఆమె అక్కడ ‘జి. దుర్గాబాయి’, సి.డి. దేశ్‌ముఖ్‌ని పెళ్లాడింది 1953లో. చిన్నతనంలోనే ఆడపిల్లలకి హిందీ బడి పెట్టిన ఆ మనిషి, 1949 సెప్టెంబరులో జాతీయ భాష మీద చర్చ వచ్చినప్పుడు హిందీ వీరాభిమానుల తీరుకి ఎంత నొచ్చుకుందో ఆ పేజీల్లో ఉంది. ఏ మైండ్ మ్యాపులోనూ దానికి గడి లేదు.

ఈ సంగతే ఆంధ్రాభవన్ క్యాంటీన్ దగ్గర టోకెన్ పట్టుకు నిలబడ్డ కర్నూలు కుర్రాడికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, ఫోన్‌లో రాసుకున్నాడు కూడా.

‘‘బాగుంది అంకుల్. దీన్ని టాపర్లెవరైనా రికమెండ్ చేశారా?’’

లేదన్నాను. రాసుకున్నది చెరిపేశాడు.