స్లాషర్ ఎత్తు: చెవిన పెట్టకూడని సలహాలు

"ఇంకో రెండంగుళాలు దించు బావా, తోట అద్దంలా ఉండాలి!" మామిడి తోటలో ట్రాక్టర్ వెనక గడ్డి కోసే స్లాషర్ తగిలించగానే గట్టు మీద నిలబడ్డవాళ్ల నోట ముందు వచ్చే మాట ఇది. చెప్పేవాళ్లకు దురుద్దేశమేమీ ఉండదు. చేను శుభ్రంగా ఉంచేవాడే మంచి రైతని మనకు తరతరాలుగా ఒక లెక్క. వరిలోనూ మిరపలోనూ ఆ లెక్క సరిపోతుంది, అక్కడ కలుపు పైరు తిండిని లాక్కుంటుంది. ఎదిగిన మామిడి తోటలో, అదీ వానాకాలంలో, చెట్ల వరుసల మధ్య పెరిగే గడ్డిని అదే కంటితో చూడకూడదు. ఆ గడ్డి వేళ్లే మట్టిని పట్టి ఉంచుతాయి. మనం కోయాల్సింది గడ్డినే, నేలను గొరగక్కర్లేదు.

బ్లేడు నేలను రాసుకుంటూ పోతే ఏమవుతుందో ఆ తోటలోకి మూడు వారాల తరవాత వెళ్లి చూడండి. నిటారుగా పెరిగే మెత్తటి గడ్డి దెబ్బతిని వెనకబడుతుంది. ఆ ఖాళీలోకి గరిక, తుంగ వస్తాయి. గరిక నేల మీద పాకే కాడలతోనూ లోపలి వేరుకాడలతోనూ బతుకుతుంది, తుంగకు భూమిలో దుంపలుంటాయి. వీటికి పైన జరిగిన కోత ఒక లెక్కలోది కాదు. వయ్యారిభామను మొదలంటా కోస్తే చచ్చిందని సంబరపడతాం కానీ, మోడు పక్కనుంచి కొమ్మలు వేసి మళ్లీ పూస్తుంది. దాన్ని పూత రాకముందు, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకాల్సిందే. వాలుగా ఉన్న ఎర్రనేలలైతే ఇంకో నష్టం కూడా ఉంది. బోడిచేసిన చోట పడ్డ పెద్దవాన పైమట్టిని కాలవలోకి మోసుకుపోతుంది.

ఇంతకంటే పెద్ద భయం రాళ్లతో. అయిదడుగుల వెడల్పు కోసే స్లాషర్‌లో బ్లేడు నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతోందనుకుందాం. దాని కొన వేగం సెకనుకు దాదాపు 80 మీటర్లు, అంటే గంటకు 285 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి బెజవాడకు ఒక్క గంటలో చేరే వేగమది. ఆ కొనకు తగిలిన గులకరాయి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఎత్తు తగ్గించిన కొద్దీ బ్లేడుకు దొరికే రాళ్లు పెరుగుతాయి. ముందూ వెనకా వేలాడే గొలుసులనో రబ్బరు పట్టీలనో "గడ్డి అడ్డుకుంటోంది" అని పీకేసిన మిషన్లు ఊరూరా కనిపిస్తాయి. వాటిని తిరిగి పెట్టించందే తోటలోకి రానివ్వకండి. పెట్టించాక కూడా మిషన్ తిరుగుతున్నంతసేపూ పిల్లలూ పశువులూ ఆ చుట్టుపక్కలకు రాకూడదు.

మరి ఎంత ఎత్తు? మామూలు తోటలో నాలుగంగుళాలకు తగ్గకుండా పెట్టండి. రాళ్లు, చీమల పుట్టలు, పాత మోళ్లు ఉన్నచోట ఆరు. తెలియని తోట అయితే మొదటి కోత ఇంకా ఎత్తులో కోసి, నేల కనిపించాక రెండో కోతకు దించండి. గుబురుగా ఎదిగిన గడ్డిని ఒక్క దెబ్బతో నేలమట్టం చేయమనే సలహా ఇచ్చేవాడు ఆ గడ్డిలో ఏముందో తనూ చూడలేదు.

"డ్రిప్పు పైపు నేలకు ఆనుకునే ఉంటుంది, పైనుంచి పోనీ" అనే మాటనూ నమ్మొద్దు. నల్లటి 16 ఎంఎం పైపు ఎండకు సాగి, అక్కడక్కడ వంకర్లు తిరిగి నేల మీంచి లేచి ఉంటుంది. గడ్డి కింద ఆ వంపు డ్రైవర్‌కు కనబడదు. బ్లేడుకు చిక్కిందా, తెగిన ముక్కతో ఆగదు. పైపు ఇరుసుకు చుట్టుకుని బారెడు పొడుగున ఊడి వస్తుంది. కోతకు ముందు పైపుల్ని చెట్టు మొదళ్ల వైపుకు లాగి పెట్టుకోండి. మొదలు చుట్టూ మీటరు మేర కొడవలికి వదిలేయండి. స్లాషర్ అంచు తగిలి బెరడు చిట్లిన చెట్టుకు ఆ గాయం ఏళ్ల తరబడి ఉంటుంది.

ఎత్తు ఎంతో తేలాక దాన్ని నిలబెట్టేది ఎలా అన్నదగ్గర రెండో రకం సలహాలు మొదలవుతాయి. "లివర్ చేతిలో పట్టుకుని గడ్డిని బట్టి ఎత్తుతూ దించుతూ పో" అనేది అందులో ఒకటి. ఇది దుక్కి అలవాటు. స్లాషర్‌ను ట్రాక్టర్‌కు తగిలించే మూడు లింకుల అమరిక నాగలి కోసం పుట్టింది. హ్యారీ ఫెర్గుసన్ దాన్ని హైడ్రాలిక్‌తో జోడించి 1936లో అమ్మకానికి తెచ్చిన ట్రాక్టర్‌లో, నాగలి లాగుడు బరువు పెరిగితే లిఫ్టు తనంతట తానే సర్దుకునేది. నేటి ట్రాక్టర్లలో డ్రాఫ్ట్ కంట్రోల్ అంటున్నది ఆ పనే. దున్నేటప్పుడు అది వరం. గడ్డి కోతలో లాగుడుకూ కోత ఎత్తుకూ సంబంధమే లేదు, అక్కడ డ్రాఫ్ట్ కంట్రోల్ వాడితే మిషన్ అర్థం లేకుండా లేస్తూ దిగుతూ ఉంటుంది. స్లాషర్‌కు పొజిషన్ కంట్రోల్ లివర్ వాడాలి. కావలసిన ఎత్తు రాగానే పక్కనున్న స్టాపర్‌ను అక్కడ బిగించాలి. మలుపులో ఎత్తినా, మళ్లీ దించినప్పుడు లివర్ అదే చోటికి వచ్చి ఆగుతుంది.

అది ముందు భాగం లెక్క. వెనక భాగం ఎత్తును తోక చక్రం చూసుకుంటుంది. దాని కాడకున్న రంధ్రాల్లో బోల్టు మార్చి ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పక్కలనున్న స్కిడ్లు గొప్పు తగిలినప్పుడు మిషన్‌ను కాచడానికి ఉన్నాయి, బరువంతా వాటి మీద ఈడ్చుకుపోవడానికి కాదు. స్కిడ్డు అడుగు వెండిలా మెరుస్తూ అరిగిపోయిందంటే ఎవరో మిషన్‌ను దాని మీదే నడిపించారని అర్థం.

"టాప్ లింక్ కదలకుండా బిర్రుగా బిగించు, ఊగదు" అనే మెకానిక్కులూ ఉన్నారు. బిర్రుగా బిగిస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు గట్టెక్కగానే స్లాషర్ వెనక భాగం నేలలోకి గుచ్చుకుంటుంది, తోక చక్రం కాడ వంగుతుంది. ముందు చక్రాలు గుంటలో దిగితే తోక గాల్లోకి లేస్తుంది. టాప్ లింక్ పట్టే బ్రాకెట్‌ను మిషన్ తయారుచేసినవాళ్లు ఆడేలా పెట్టింది అందుకే. దానికి ఆ కొద్ది ఆట ఉండనివ్వండి. పక్కకు ఊగకుండా చూసుకోవడం చెక్ చైన్ల పని.

ముందు వెనకల వాలు గురించి తిరగేసి చెప్పేవాళ్లు చాలామంది. వెనక దించితే నున్నగా వస్తుందంటారు. మామూలు గడ్డి కోతకు ముందు వైపు బ్లేడు కొన వెనకదాని కంటే అర అంగుళం నుంచి అంగుళం కిందకు ఉండాలి. అప్పుడు గడ్డి ముందు ఒక్కసారి తెగి వెనక్కు జారిపోతుంది. వెనక కిందకు ఉంటే తెగిన గడ్డినే బ్లేడు మళ్లీ మళ్లీ నరుకుతుంది, ఇంజిన్ మూలుగుతుంది, డీజిల్ పోతుంది. గడ్డిని తుక్కు చేసి నేల మీద పరచడమే మీ ఉద్దేశమైతే మాత్రం ఆ వాలు పనికొస్తుంది. అది తెలిసి చేయాలి.

ఇదంతా కంటి అంచనాతో కుదరదు. చదునైన సిమెంటు కల్లం మీదకు ట్రాక్టర్‌ను తెచ్చి, వెనక టైర్లు రెండింట్లో గాలి సమానంగా ఉందో లేదో చూడండి. తక్కువ గాలి ఉన్న వైపు స్లాషర్ వాలిపోతుంది, దాన్ని సరిచేయబోయి కుడి లిఫ్ట్ రాడ్డు పిడి తిప్పితే, గాలి నింపాక రెండో వైపు వాలుతుంది. గాలి సరిచేశాకే పిడి తిప్పి కుడి ఎడమలు సమం చేయండి. కొలవాల్సింది డెక్కు రేకు అంచు నుంచి కాదు, బ్లేడు కొన నుంచి. రేకుకూ బ్లేడుకూ మధ్య తేడా ఒక్కో మిషన్‌లో ఒక్కోలా ఉంటుంది. బ్లేడును కర్రతో ముందుకు తిప్పి, బయటికి చాచి, కొన నుంచి నేలకు టేపు పెట్టండి. వెనక్కు తిప్పి ఇంకోసారి, రెండు పక్కలా ఇంకోసారి.

ఇక్కడే అన్నిటికన్నా చెడ్డ సలహా వినిపిస్తుంది. "ఇంజిన్ ఆపడం ఎందుకన్నా, ఎత్తి పట్టుకుంటా, నువ్వు కింద చూసెయ్." ఎప్పుడూ, ఎవరు చెప్పినా వినకండి. ఎత్తిన స్లాషర్‌ను పట్టుకుని ఉన్నది నూనె ఒత్తిడి ఒక్కటే. సీలు కారినా, ఎవరి మోకాలో లివర్‌కు తగిలినా, క్వింటాళ్ల బరువు దిగుతుంది. ట్రాక్టర్ నుంచి స్లాషర్‌ను తిప్పే పీటీవో ఆపేయండి, ఇంజిన్ ఆపేయండి, హ్యాండ్ బ్రేక్ వేయండి, తాళం చెవి కొలిచేవాడి జేబులో ఉండాలి. పీటీవో ఆపాక కూడా బ్లేడు కొంతసేపు తన ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది, పూర్తిగా నిలిచేదాకా దగ్గరకు పోవద్దు. చెయ్యి లోపల పెట్టే ముందు డెక్కు కింద రెండు వైపులా గట్టి చెక్క మొద్దులు పెట్టండి. సిమెంటు ఇటుకలు బరువుకు పగులుతాయి. పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 చుట్ల మీద సెకనుకు తొమ్మిదిసార్లు తిరుగుతుంది. తువ్వాలు కొస, లుంగీ అంచు, చీర కొంగు ఏది చిక్కినా మనిషి కేక వేసేలోపే అయిపోతుంది. షాఫ్ట్ మీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే ఆ రోజే కొత్తది వేయించండి.

మిగిలినవి చిన్నమాటల్లో చెబుతాను. కోత సరిగా లేకపోతే దించమంటారు, నిజానికి బ్లేడు మొద్దుబారి ఉంటుంది. రెండు బ్లేడ్లనూ సమానంగా పట్టించండి, మార్చితే జతగా మార్చండి, బరువు తేడా వస్తే గేర్‌బాక్స్ బేరింగులు పోతాయి. డీజిల్ మిగులుతుందని ఇంజిన్ వేగం తగ్గించొద్దు, పీటీవో 540కి మీటరు మీదున్న గుర్తు దగ్గరే ఉంచి గేరు తగ్గించండి. తెగే బోల్టు మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు వేస్తే ఈసారి తెగేది గేర్‌బాక్స్. పీటీవో తిరుగుతుండగా మిషన్‌ను పూర్తి ఎత్తుకు లేపొద్దు, షాఫ్ట్ కీళ్లు అంత వంపును ఓర్చుకోవు.

కిరాయికి ట్రాక్టర్ పిలిచే రైతులకు ఒక విన్నపం. డ్రైవర్‌కు గంట లెక్కనో ఎకరం లెక్కనో డబ్బిస్తున్నాం, కాబట్టి ఎత్తు సరిచేసుకునే సమయం అతని జేబులోంచి పోతోంది. అతను తొందరపడేది అందుకే. ఆ పావుగంటకు కూడా కిరాయి కట్టండి, టేపు మీరే తెచ్చి పక్కన నిలబడండి, కొలత అయ్యాకే తోటలోకి దింపమనండి.