కోటి కోట్లకు ఒక్క బొలీవర్

మళ్లీ కొట్టేశారు. ఈసారి ఆరు సున్నాలు. 2021 అక్టోబరు 1 నుంచి వెనెజులాలో చెలామణీలోకి వచ్చిన కొత్త కరెన్సీకీ పేరు మాత్రం బొలీవరే. ఉండాలి మరి! విమోచకుడు సిమోన్ బొలీవర్ పేరు తీసేస్తే దేశభక్తి ఏమైపోను?

2008లో మూడు సున్నాలు తీసేసి 'బలమైన బొలీవర్' అన్నారు. ఆ బలం పదేళ్లు నిలిచింది. 2018లో ఐదు తీసేసి 'సార్వభౌమ బొలీవర్' అన్నారు. 2021లో అప్పటి అధ్యక్షుడు మదురో 'డిజిటల్' అన్నారు. మొత్తం పద్నాలుగు సున్నాలు. 2007లో ఏ పెద్దమనిషైనా పరుపు కింద కోటి కోట్ల బొలీవర్లు దాచుకుని ఉంటే, ఇవాళ ఆయన చేతికొచ్చేది ఒక్కటంటే ఒక్క బొలీవర్.

2021 మార్చిలో అచ్చేసిన పది లక్షల నోటు విలువ అప్పట్లో అర డాలరు. దాని మీదా విమోచకుడి బొమ్మే. అంతకుముందు, సరిహద్దు దాటి కొలంబియాలోని కూకుతా చేరినవాళ్లు పాత నోట్లను మడిచి, అల్లి, చేతిసంచులు చేసి అమ్ముకున్నారు. వంద నోటు మీది విమోచకుణ్ణీ మడిచేశారు. నోటుగా చెల్లనివాడు సంచీగా నాలుగు డబ్బులు తెచ్చాడు.

ఈక్వడార్ నయం. బొలీవర్ సేనాని సుక్రే పేరు పెట్టుకున్న కరెన్సీని 2000లో డాలరు కోసం ఒక్కసారే పాతేసింది. బొలీవియా 1825లో, బొలీవర్ బతికుండగానే పేరు తీసుకుని ఊరుకుంది. వెనెజులాకి ఆశ తీరదు. శిఖరం ఆయనది, విమానాశ్రయం ఆయనది, ఊరూరా కూడలి ఆయనది. 1999లో దేశం పేరులోనే ఆయన్ని ఇరికించారు. 2010లో శవపేటిక తెరిచి ఎముకల్ని టీవీలో చూపించారు.

1830లో ఏం చేశారో మరి? ఆయన కొలంబియా గడ్డ మీద ఉన్నంతకాలం కొలంబియాతో మాటల్లేవన్నది ఇదే వెనెజులా. జబ్బుపడి, శాంటా మార్టాలో ఒక స్పెయిన్ దేశస్థుడి ఇంట్లో 47 ఏళ్లకే పోయాడు. పన్నెండేళ్లకు ఎముకలు తెచ్చి ఊరేగించారు. మనిషిని రానివ్వనివాళ్లకు ఎముకలెందుకు? ఎందుకంటే ఎముకలు ఎదురు ప్రశ్న వేయవు. గద్దెనెక్కిన ప్రతివాడూ ఆయన పేరు చెప్పుకునే బతికాడు. 2021 నాటికే 50 లక్షలమందికి పైగా దేశం వదిలిపోయారు. కూకుతా వైపు నడిచి దాటిన వంతెన పేరు కూడా సిమోన్ బొలీవరే. సిగ్గనేది ఉంటే ముందు ఆ బోర్డు పీకాలి.

ఆ సున్నాలు కొట్టేటప్పుడు విశేషణం వెతుక్కోకుండా ఉండాల్సింది. మదురో గారూ, తమరి పేరే పెట్టుకోవాల్సింది. పది లక్షల మదురోలకు అర డాలరు అని బజారులో అరుస్తుంటే అప్పుడు చూసేవాళ్లం, మీ దేశభక్తి ఎన్నాళ్లుండేదో.