13వ సెక్షన్ బాబాయిగారు

రాజమండ్రి సెంట్రల్ జైలు గోడకి కూతవేటు దూరంలో పుట్టి పెరగడం వల్ల నేరస్థుల మనస్తత్వం తనకి కొట్టినపిండి అని మా వీధి బాబాయిగారి నమ్మకం. ఆ గోడ లోపలికి ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. అక్కర్లేదట, మొహం చూస్తే తెలిసిపోతుందట. పాలల్లో నీళ్లు కలిసిందీ లేనిదీ కూడా పాలవాడి మొహం చూసే చెబుతారు. లాక్టోమీటరు ఒప్పుకోదు, అది వేరే సంగతి.

ప్రొబేషన్ ఆఫీసరు అనే ఉద్యోగం ఒకటుందని ఆయనకి హెడ్‌క్లర్కుగా రిటైరయ్యాక తెలిసింది. అంతవరకూ, మనలో చాలామంది లాగే, అదేదో బ్యాంకు పరీక్ష అనుకునేవారు. "తప్పు చేసినవాడి వెంట ఉండి నాలుగు మంచిమాటలు చెబితే జీతం కూడా ఇస్తారా! ఇన్నేళ్లూ ఊరికే చెప్పానే!" అని తెగ బాధపడ్డారు.

అప్పట్నుంచీ 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం ఆయన చంకలోనే. యావజ్జీవం పడేంత నేరం కాకపోతే, 21 ఏళ్లు నిండని కుర్రాణ్ణి జైలుకి పంపాలా వద్దా అని తేల్చేముందు కోర్టు ప్రొబేషన్ ఆఫీసరు నివేదిక తెప్పించుకోవాలనీ, మూడేళ్లకు మించకుండా సత్ప్రవర్తన బాండు రాయించుకుని వదలొచ్చనీ అడగనివాళ్లక్కూడా చెబుతారు. ఈ పద్ధతికి ఆద్యుడంటారే, ఆ జాన్ ఆగస్టస్ బోస్టన్‌లో బూట్లు తయారుచేసేవాడు. 1841లో కోర్టుకొచ్చిన ఒక తాగుబోతుకి జామీను ఉండి, మూడు వారాల్లో మనిషిని చేసి మళ్లీ జడ్జి ముందు నిలబెట్టాడు. ఇక్కడికి రాగానే బాబాయిగారు కళ్లజోడు తీసి, "బూట్ల ఆయన చేసిన పని హెడ్‌క్లర్కు చేయలేడా?" అంటారు. ఆ మూడు వారాల్లో ఆగస్టస్ ఎన్ని ఉపన్యాసాలిచ్చాడో మాత్రం ఆరా తీయలేదు.

ఇంతలో వెనకవీధి కుర్రాడు, పంతొమ్మిదేళ్లవాడు, సెల్‌ఫోన్ దొంగతనం కేసులో బాండు మీద బయటికొచ్చాడు. ఇలాంటివాళ్లకి ఉద్యోగం చూపించే ప్రయత్నం చేయాలని చట్టంలోనే ఉంది కదా అని బాబాయిగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరి, మెయిన్‌రోడ్డు మీద బట్టలకొట్లో పని ఇప్పించారు. న్యాయంగా చెప్పాలంటే షావుకారు ఆయన మొహం చూసే తీసుకున్నాడు. మెట్లు దిగబోతూ ఈయన వెనక్కి తిరిగి, కొట్టంతా వినపడేలా, "కుర్రాడు బంగారం. గల్లాపెట్టెకి మాత్రం తాళం వేసుకో" అన్నారు.

సాయంత్రానికి కుర్రాడు ఇంటికొచ్చేశాడు. "నిలకడ లేదు" అని బాబాయిగారు డైరీలో రాసుకున్నారు.

అసలు ప్రొబేషన్ ఆఫీసరు ఆ తర్వాతి వారం వచ్చింది. చిన్నపిల్ల, గట్టిగా ముప్పై ఉండవు. ఏ ఇంటికొచ్చిందో వీధిలో నలుగురికీ తెలియడం ఎందుకని స్కూటీ సందు మొదట్లోనే ఆపి నడిచొచ్చింది. బాబాయిగారు అప్పటికే కిటికీ పక్కన అరుగెక్కి కూర్చున్నారు. ఆ అమ్మాయి టీ తాగింది. "ఊఁ", "తర్వాత?" ఈ రెండు ముక్కలతోనే అరగంట నడిపింది. కుర్రాడు కాసేపు చాప పుల్లలు పీకాడు. పీకి పీకి, గల్లాపెట్టె సంగతీ, ఫోను అమ్మిన డబ్బు ఎవరికిచ్చిందీ, రాత్రిళ్లు ఎవరు పిలుస్తున్నారో, అన్నీ వాడే బయటపెట్టాడు. "సోమవారం ఇంకోచోటికెళ్దాం, వాళ్లతో నేను ముందే మాట్లాడతాను" అని ఆమె లేచింది.

బాబాయిగారు గేటు దగ్గర అడ్డుపడ్డారు.

"రిపోర్టులో ఏం రాస్తావమ్మా?"

"అది కోర్టుకేనండి."

"నాక్కూడా చెప్పవా?"

ఆమె నవ్వి ఊరుకుంది.

"పోనీ, వాడికి ఒక్క నీతివాక్యమైనా చెప్పలేదేం? జీతం తీసుకోవడం లేదూ?"

"దానికి మీరున్నారు కదండీ" అని స్కూటీ వైపు నడిచింది.

అది పొగడ్తేనని ఆయన తేల్చేసుకున్నారు. ఆ ఊపులో చట్టం మరోసారి తిరగేస్తే 13వ సెక్షన్ కంటబడింది: అసాధారణమైన కేసులో, తగినవాడని కోర్టుకి తోస్తే, బయటి మనిషి కూడా ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేయొచ్చు. వయోపరిమితి ఊసే లేదు. ఆ పేజీ జిరాక్సు తీయించి లామినేషన్ చేయించారు. ఇక కావాల్సింది అసాధారణమైన కేసు ఒక్కటే.

నిన్న పొద్దున్నే మా ఇంటికొచ్చి, కాఫీ పుచ్చుకుని, "మీవాడి స్నేహాలూ అవీ ఎలా ఉన్నాయి?" అని ఆశగా అడిగారు.