95 వాట్లు

లంబసింగిలో కారు దిగుతూనే పెద్దల్లుడుగారు చేసిన మొదటి పని జనరేటర్‌ని మోయించడం. డేరాలు అద్దెకిచ్చే కుర్రాడు దాన్ని సరిగ్గా వీళ్ల డేరాల వెనకే పెట్టాడు, పొగగొట్టం ఇటు తిప్పి మరీ.

"పెట్రోలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుందయ్యా. రంగుండదు, వాసనుండదు. డేరాలోకి దూరిందంటే నిద్రపోయినవాడు మళ్లీ లేవడు," అని, గాలి ఎటు వీస్తోందో చూసి, దాన్ని ఆ చివరికి మోయించి, పొగగొట్టం అవతలికి తిప్పించేదాకా ఆయన అక్కణ్నుంచి కదల్లేదు. కుర్రాడు గొణుక్కున్నాడు గానీ, ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు. చలికాలంలో ఏటా ఎక్కడో ఒకచోట ఈ పొగ మనుషుల్ని మింగుతూనే ఉంది.

ఆయన విశాఖలో ఓ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. అత్తగారికి ఆ ఉద్యోగమంటే మహా గురి. "మా పెద్దల్లుడుగారుంటే ఇంకేం భయం లేదు," అని నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డు ఎక్కినంతసేపూ అంటూనే ఉంది.

తర్వాత కారు డిక్కీలోంచి పెట్టె దిగింది. పవర్ స్టేషన్ అంటారట. చిన్న ట్రంకు పెట్టెంత ఉంది, ముందువైపు మూడు ప్లగ్ పాయింట్లు, పైన అంకెలు చూపించే అద్దం. చిన్నల్లుడు, వాళ్లబ్బాయి బుజ్జిగాడు చుట్టూ చేరారు.

"ఇది వెయ్యి వాట్ అవర్లు. అంటే వంద వాట్ల వస్తువు పది గంటలు నడవాలి. కానీ లోపలి ఇన్వర్టర్ తన వాటా తను తినేస్తుంది కాబట్టి ఎనిమిదిన్నర అనుకో," అన్నారు పెద్దల్లుడుగారు.

ఎక్స్‌టెన్షన్ వైరు తీసి పాఠం మొదలెట్టారు. మూడు కోర్ల వైరు, 1.5 ఎస్‌క్యూ ఎంఎం. చక్రానికి చుట్టి ఉన్నది మొత్తం విప్పించారు. చుట్టలో ఉండగా లోడు పడితే వేడి బయటికి పోయే దారి లేక లోపలి పొరలు కరిగిపోతాయట. నడిచే దారికి అడ్డంగా వేయనివ్వలేదు, చాప కింద నుంచి లాగనివ్వలేదు, డేరా జిప్పు మధ్య నలగనివ్వలేదు. జాయింటు దగ్గర మాత్రం ఆయన పనితనం చూడాల్సిందే. నేలకి తగలకుండా పంగల కర్ర మీద నిలబెట్టి, వైరు నేరుగా ప్లగ్గులోకి దిగకుండా ముందు కాస్త కిందికి వంగి మళ్లీ పైకి వచ్చేలా సర్దారు. మంచు నీళ్లు వైరు వెంట జారినా ఆ వంపు దగ్గరే బొట్లు బొట్లుగా రాలిపోతాయి గానీ ప్లగ్గులోకి పోవు.

"ఒరే బుజ్జీ, ఇది నీ డ్యూటీ. ఈ అంకె చూశావా? ఇప్పుడెన్ని వాట్లు లాగుతోందో చెబుతుంది. అన్నీ ఆపేశాక కూడా ఇక్కడ అంకె కనిపిస్తే ఎవడో ఏదో మర్చిపోయాడన్నమాట. అప్పుడేం చేస్తావు? పెట్టె దగ్గర్నుంచి వైరు పట్టుకుని తడుముకుంటూ చివరిదాకా పో. ఎక్కడన్నా వేడి తగిలితే ఆలోచించకు. ముందు స్విచ్చు కట్టెయ్, ప్లగ్గు పీకెయ్, ఆ తర్వాతే కేకెయ్."

బుజ్జిగాడు ఒప్పజెప్పాడు. రెండుసార్లు చెప్పించుకున్నారు.

పొద్దుగూకింది. డిసెంబరు చలి గురించి చెప్పేదేముంది, మాట కంటే ముందు పొగ వస్తోంది నోట్లోంచి. అత్తగారి మోకాళ్లు బిగుసుకుపోయాయి. పెద్ద కూతురు కెటిల్ తీసింది. ఆయన దాని అడుగున స్టిక్కరు చదివి, "1500 వాట్లు. ఈ పెట్టె వెయ్యికి మించి ఇవ్వదు, పెట్టగానే ట్రిప్ అయిపోతుంది," అని పక్కన పెట్టేశారు. నిజమే. టీ కొట్టువాడి దగ్గర నిప్పులు అడిగి తెచ్చి కుంపటి డేరాలో పెడదామంది చిన్న కూతురు. "జనరేటర్‌ని ఎందుకు మోయించాననుకున్నావమ్మా? బొగ్గులకీ అదే పొగ," అన్నారు. అదీ నిజమే.

చిన్నల్లుడు అత్తగారి కరెంటు కాపడం సంచి పట్టుకొచ్చాడు. "అన్నయ్యగారూ, ఇది నాలుగొందల వాట్లో ఎంతో. పది నిమిషాల్లో కాగుతుంది. ప్లగ్గు తీసేశాకే కదా అత్తయ్యగారికి ఇచ్చేది?"

"లోపల నీళ్లు, కింద తడి గడ్డి, మధ్యలో కరెంటు. ఇంట్లో అయితే గోడలో ఎర్త్ ఉంటుంది, తేడా వస్తే ట్రిప్ అయి కాపాడుతుంది. ఇక్కడేముంది తమ్ముడూ, గడ్డి తప్ప?"

"పోనీ ఫోన్లన్నా..."

"మంచు పడుతోంది. ఒక బాక్సుకి ఇంకో బాక్సు తగిలించి వరసగా ప్లగ్గులు గుచ్చుకుంటూ పోతే ఏమవుతుందో తెలుసా? అయినా అర్ధరాత్రి ఏ అవసరం వస్తుందో ఏమో. బ్యాటరీ నిండుగా ఉండాలి."

"వద్దులే బాబూ, వాళ్లకి తెలియదు, మీరు చెప్పినట్టే కానివ్వండి," అంది అత్తగారు రెండో శాలువా మీద మూడోది కప్పుకుంటూ.

తొమ్మిదింటికి లైటు కూడా తీయించేశారు. ఆడవాళ్లొక డేరా, తండ్రీకొడుకులొక డేరా. తనకి గురక ఎక్కువని, ఎవరి నిద్రా పాడు చేయడం ఇష్టం లేదని పెద్దల్లుడుగారు వెనకగా ఉన్న చిన్న డేరా తీసుకున్నారు. "పెట్టె ఆపేశాను, హాయిగా పడుకోండి," అని అందరికీ వినబడేలా చెప్పి జిప్పు వేసుకున్నారు.

తెల్లవారుజామున బుజ్జిగాడు ఒంటికి లేచాడు. చీకట్లో టేబుల్ కింద అద్దం వెలుగుతోంది. వంగి చూశాడు. 95.

వాడికి నిద్ర మత్తు వదిలిపోయింది. వైరు పట్టుకున్నాడు. సాయంత్రం లైటుకి వేసింది కాదిది, వేరేది. డేరాల వెనక నుంచి పోతోంది. ఎక్కడా చుట్ట లేదు, దారికి అడ్డం లేదు. జాయింటు పంగల కర్ర మీద ఉంది, వంపు కూడా పెట్టి ఉంది, దాని చివర మంచు బొట్టు వేలాడుతోంది. చేతికి చల్లగా తగులుతూనే ఉంది వైరంతా. చిన్న డేరా మూల గుడ్డ ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. స్విచ్చు కట్టేశాడు, ప్లగ్గు పీకేశాడు, అప్పుడు కేకేశాడు.

టార్చిలైట్లు వెలిగాయి. అత్తగారు కూతుళ్ల భుజాలు పట్టుకుని, పళ్లు టకటకలాడుతుంటే కుంటుకుంటూ వచ్చింది. "ఏమైందిరా? పెదనాన్నకేమన్నా షాకు కొట్టిందా?"

"ఏం కాలేదమ్మమ్మా. పెదనాన్న చెప్పినట్టే వైరంతా తడిమి చూశాను, ఎక్కడా వేడెక్కలేదు. పెదనాన్న కప్పుకున్న కరెంటు దుప్పటి ఒక్కటే కాలిపోతోంది. భయపడకు, పీకేశాను."