ఆత్మనిందలో వెనకబడకుండా ఉండాలంటే

తమను తాము తిట్టుకునే అలవాటు మాన్పించడానికి ఇప్పుడు ఫోన్‌లోనే బోలెడు కోర్సులు. నిక్షేపంగా చేరండి. చేరేముందు మాత్రం "ఈ వయసులో ఇది కూడా ఒకరు నేర్పాలా?" అని ఒక మాట అనుకోండి. పునాది గట్టిగా పడుతుంది.

ముందు ప్రశ్నావళి ఇస్తారు. అమెరికాలో మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో ప్రచురించిన స్వీయకరుణ కొలమానంలో 26 వాక్యాలుంటాయి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా వేసుకోవాలి. అందులో 13 అచ్చంగా మన సబ్జెక్టే: నిందించుకోవడం, నాకే ఇలా జరుగుతుందనుకోవడం, జరిగినదాన్నే పట్టుకుని వేలాడటం. ఐదుకు ఐదు వేసుకుని మురిసిపోకండి. లెక్క కట్టేటప్పుడు వాటిని తిరగేస్తారు, ఐదు కాస్తా ఒకటవుతుంది. వచ్చిన మొత్తాన్ని పరీక్ష మార్కుల్లా చూడండి. లెక్కల్లో 98 వస్తే మిగతా రెండూ ఎక్కడికి పోయాయని అడిగే పెద్దలుంటారు కదా, ఆ గొంతు అరువు తెచ్చుకోండి. తన మీద తనకు దయ లేకపోవడం కూడా తిట్టుకోదగ్గ నేరమే.

తర్వాత ఉత్తరం. ఇదే కష్టంలో స్నేహితురాలుంటే ఏం రాస్తారో అదే మీకు మీరు రాసుకోమంటారు. నాలుగు వాక్యాలు కాగానే ఎర్రపెన్ను తీయండి. 'నీ తప్పేం లేదు' అన్నచోట ఆధారాలడగండి. దస్తూరీ బాగాలేదని చింపి మళ్లీ రాయండి. స్నేహితురాలినైతే ఇలా సతాయిస్తావా అని ఎవరైనా అంటే, "ఆవిడ సంగతి వేరు" అనండి. దీనికి తిరుగులేదు.

ఇంగ్లండ్‌లోని డెర్బీలో పనిచేసిన మనస్తత్వవేత్త పాల్ గిల్బర్ట్‌తో జాగ్రత్త. తప్పు తమది కాదని బుర్రకు తెలిసినా మనసుకెక్కనివాళ్లను చూసి, లోపల వినిపించే ఆ మాట ఏ గొంతుతో వస్తోందని ఆయన ఆరా తీశాడు. ధైర్యం చెప్పుకునే మాట కూడా కసురుతూనే చెప్పుకుంటున్నారని తేలింది. గుట్టు రట్టు చేసే మనిషి! ఆయన చెప్పే నిదానపు శ్వాసను పోటీ పరీక్ష చేసేయండి: ధ్యాస ఎన్నిసార్లు పక్కకు పోయిందో రాసుకుని నిన్నటితో పోల్చండి. (అలా పోవడం సహజమని పాఠంలోనే ఉంటుంది. ఆ పేరా దాటేయండి.)

కొన్నాళ్లకు కోర్సు ఆగిపోతుంది. పక్కన నడిపించే మనిషి లేని ఆన్‌లైన్ కోర్సుల్ని మధ్యలో వదిలేసేవాళ్లు చాలామందే. మీరు మాత్రం మీరొక్కరే వదిలేశారని నమ్మండి. మనిషితోనే మాట్లాడాలనిపిస్తే, 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌లో ఏ వేళనైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. "ఇంత చిన్నదానికి వాళ్లనెందుకు ఇబ్బంది పెట్టడం" అనుకుని ఊరుకోండి. ఉండబట్టలేక చేశారా, "సారీ అండీ, డిస్టర్బ్ చేస్తున్నాను" అని మొదలుపెట్టండి.