స్ట్రోలరొచ్చె... ఫుట్‌పాత్ ఏదీ?

బిడ్డ పుట్టకముందే ఏమీ కొనొద్దని అమ్మమ్మలంటారు. షాపింగ్ యాప్ ఊరుకుంటుందా? స్కానింగ్ రిపోర్టు ఇంటికి చేరేలోపే ఫోన్‌లో ఉయ్యాల ఊగుతుంది. ఇక కాబోయే నాన్నగారి జాబితా చూడాలి: తడి వైప్స్‌ని వెచ్చబెట్టే మిషను (మే నెలలో, విజయవాడలో!), అడుగేయడానికి ఏడాది ముందే బుల్లి బూట్లు, పాతికవేల స్ట్రోలరు.

అసలు కథ స్ట్రోలరుదే. కొన్నాకగానీ గుర్తురాదు, మన ఫుట్‌పాత్‌ మీద ట్రాన్స్‌ఫార్మరు, మిర్చిబజ్జీల బండి, అడ్డంగా పెట్టిన రెండు బైకులు ముందే కాపురం పెట్టాయని. దాంతో స్ట్రోలరు అపార్టుమెంటు సెల్లార్‌లో కార్ల మధ్య ప్రదక్షిణలు చేస్తుంది. మూడో నెలకల్లా అందులో బిడ్డ బదులు రైతుబజారు సంచి!

పాలసీసాలకు, డబ్బాపాలకు ప్రచారం చేయకూడదని 1992లోనే చట్టం చేశారు. పాపం, దానికి సీమంతం పిలుపు అందలేదేమో, గిఫ్టు ప్యాకెట్ల నిండా అవే. చక్రాల వాకర్ల అమ్మకాన్ని కెనడా 2004లోనే నిషేధించింది. మన మేనమామగారు మాత్రం రంగు కుదరలేదని రెండోది తెస్తారు.

2017లో తెలంగాణ సర్కారు దవాఖానల్లో మొదలైన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, దోమతెర, బిడ్డబట్టలు, తల్లికి చీరలు అన్నీ కలిపి చేత్తో పట్టుకెళ్లేంతే ఉండేవి. మనవాళ్ల సరుకుకు డీసీఎం వ్యాను కావాలి.

"పాత నూలు చీరలు నాలుగు ఉతికి పెట్టుకోండి, చాలు" అంది అమ్మమ్మ. అల్లుడుగారు వెంటనే యాప్‌లో వెతికారు: పాత నూలు చీర, బ్రాండ్ న్యూ.